గట్టు అవతల మల్బరీ

కుప్పం,
9 జూన్ 2023

తమ్ముడు చిన్నస్వామికి,

ఆశీర్వాదం రాద్దామని పెన్ను పెడితే చెయ్యి కదలడం లేదు. అది తర్వాత పంపుతాను. ముందు విషయం.

అమ్మ సంవత్సరీకం నాడు వాకిట్లో పదిమంది ముందర నిలబడి, "ఫోన్లో అన్నీ చెప్తావు, రేపు నేను అన్లేదంటావు. ఏమన్నా ఉంటే రాసి పంపు" అన్నావు. ఆ రోజు నుంచి నా ఫోను ఎత్తడం మానేశావు. సరే, రాసే పంపుతున్నాను. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్లో పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. నీ వల్ల అదొకటి.

నాయన నాకు రాసిచ్చిన ముక్క, నీ చేనికి తూర్పున వంక దాకా ఉన్నది, గుత్తకిచ్చాను. తీసుకున్నది శాలిని. ఎవరా అని ఆలోచించకు. మన దగ్గర సేద్యానికి ఉండిన అంకయ్య కూతురు. డిగ్రీ చదివింది. మొగుడు సాయికుమార్‌కు పుంగనూరు కరెంటాఫీసులో ఉద్యోగం. ఆ ముక్కలో మల్బరీ నాటి, షెడ్డు కట్టి, పట్టుపురుగులు మేపుతుందట.

"నీ ముక్క నేనే చేసుకుంటాలేక్కా" అని తీసుకున్నది నువ్వు. చేసుకున్నది కంపచెట్లు. మొన్న బస్సులోంచి చూస్తే నా భూమి ఏదో, వంక ఏదో తెలియలేదు.

నీ సేద్యం గురించి నాకు చెప్పొద్దు. టమోటా పెట్టడం, మదనపల్లె యార్డుకు తోలడం, రేటు లేదని రోడ్డు పక్కన పారబోయడం, ఇంటికొచ్చి గవర్నమెంటును తిట్టడం. దీన్ని సేద్యం అనరు, పేకాట అంటారు. పేకాటైతే కనీసం నీడపట్టున కూర్చుని ఆడతారు.

షెడ్డుకు దారి నీ చేని గట్టు మీదుగానే. నాయన ఉన్నప్పుడు ఎట్లా ఉందో అట్లాగే వదిలిపెట్టు.

మరదలు రేవతిని అడిగానని చెప్పు. నీ పక్కన ఉండి కూడా మనిషిగా మిగిలింది ఆమె ఒక్కతే.

నువ్వు ఫోను ఎత్తని అక్క,
నాగరత్నమ్మ


చౌడేపల్లె,
24 జూలై 2023

అక్కకు,

నీ ఆశీర్వాదం రాకపోయినా బాగున్నాను. చాలా బాగున్నాను. ఆ సంగతి చివర్లో రాస్తాను. ముందే రాస్తే నువ్వు మిగతాది చదవవు.

నీ గుత్తదారు వచ్చింది. స్కూటీ మీద, తలకు టోపీ పెట్టుకుని. జేసీబీ కంపచెట్లు పెరుకుతుంటే పక్కన నిలబడి ఫోన్లో వీడియో తీసుకుంటోంది. నేను తెలియనట్టు పోయి, "ఎవురమ్మా నువ్వు, యాడికొచ్చినావు?" అన్నాను.

"నా పొలానికే వచ్చినానన్నా. గుత్తకు తీసుకుండాను. మీ అక్క చెప్పలేదా?" అంది.

అన్నా అంది. వాళ్ల నాయన మన నాయన్ను "సామీ" అని తప్ప పిలిచి ఎరగడు. కూలి తీసుకోవడానికొచ్చినా మెట్టు కిందనే నిలబడేవాడు. ఈమె నా గట్టు మీద నిలబడి నన్ను అన్నా అంటోంది, అదీ ఫోన్లోంచి తల ఎత్తకుండా. నీకు ఊళ్లో మనుషులే దొరకలేదా? నీకు ఆ ముక్క బరువైతే నాకు చెప్పి ఉంటే సరిపోయేది.

పైగా పురుగులకు ఇల్లు కడుతోంది. రేకుల కప్పు, దాని కింద కొబ్బరి మట్టలు, చుట్టూ తడిపిన గోనెపట్టాలు. పురుగులకు ఎండ తగలకూడదంట. మనకు తగలొచ్చు.

ఇప్పుడు నా సంగతి. నువ్వు టీవీ చూస్తూనే ఉంటావు. దేశమంతా టమోటా మాటే, టమోటా అంటే మదనపల్లె మాటే. పేకాట అన్నావు కదా. మన చుట్టుపక్కల పల్లెల్లో అందరి తోటలూ తెగులుకు మాడిపోతే నిలబడింది నాదే. కాయలు కోసే వరకు చేనికి కాపలా పెట్టాను, బంగారం అంగడికి పెట్టినట్టు. యార్డులో అడుగుపెడితే ఢిల్లీ వ్యాపారి లేచి కుర్చీ వేశాడు. "బైఠియే సార్" అన్నాడు. పక్క ఊరి రైతులు చూస్తుండగా కూర్చున్నాను. కాఫీ తెప్పించాడు, తాగాను.

కారు కొన్నాను. తెల్లది. ఫొటో కవర్లో పెట్టాను, బావకు చూపించు. అంగడికి సిమెంటు బస్తాలు తోలుకోవడానికి మాత్రం ఇయ్యనని చెప్పు.

తమ్ముడు,
చిన్నస్వామి


కుప్పం,
28 ఆగస్టు 2023

కారుగల తమ్ముడికి,

ఫొటో చూశాము. కారు బాగుంది. దాని ముందర చేతులు కట్టుకుని నిలబడిన మనిషి ఎవరో కల్యాణ మంటపం ఓనరులా ఉన్నాడని మీ బావ అన్నాడు. బావకు సిమెంటు దుమ్ము తప్ప ఏం తెలుసు, పట్టించుకోవద్దు.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఊరందరి తోటలూ మాడిపోతే నీది మిగిలింది. దాన్ని నీ తెలివి అంటున్నావు. నీ తోట పోయి వాళ్లవి మిగిలినప్పుడు దాన్ని దేవుడి అన్యాయం అన్నావు, నాకు గుర్తుంది. కుర్చీ వేసినవాడు నీకు వేయలేదు, నీ బండి మీదున్న కాయలకు వేశాడు. అవి దిగిపోయాక ఇంకోసారి పోయి చూడు.

కుర్చీ రుచి చూశావు గనుక ఇప్పుడు ఇంకా ఎక్కువ పెడతావు. పక్కవాళ్ల చేలు కూడా గుత్తకు పట్టావని విన్నాను. పట్టు. నా మాట విన్న రోజు లేదు.

శాలిని ఫోను చేసింది. నాటిన మల్బరీ ఎదిగేదాకా బయట ఆకు కొని మేపి, మొదటి పంట పట్టుగూళ్లు మదనపల్లెకు తోలిందట. ఆ పిల్లకు నోరు దురుసు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ అడిగింది న్యాయమైన మాట. నువ్వు టమోటాకు మందు కొట్టేటప్పుడు గాలికి అది మల్బరీ ఆకు మీద పడుతుంది. ఆ ఆకు తింటే పురుగు చచ్చిపోతుంది. అందుకని ఒకరోజు ముందు చెబితే ఆ లోపల ఆకు కోసి పెట్టుకుంటుందట. నీకు చెప్పడానికి రెండుసార్లు వచ్చిందట. నువ్వు వాకిట్లో కుర్చీలో ఉండి కూడా లేనని చెప్పించావట.

ఇంట్లో ఉండి లేనని చెప్పించడం ఎప్పుడు నేర్చుకున్నావు? కారు వచ్చాకనా?

అక్క,
నాగరత్నమ్మ


చౌడేపల్లె,
10 అక్టోబర్ 2023

అక్కకు,

నా చేన్లో నేను మందు కొట్టుకోవడానికి అంకయ్య కూతురు దగ్గర సెలవు తీసుకోవాలన్నమాట. రేపు నేను తుమ్మాలన్నా ముందురోజు చెప్పి పంపమంటుందేమో. పురుగులు ఉలిక్కిపడతాయి కదా.

చెప్పను. ఆ మాట ఆమెతోనే అనేశాను. గట్టు మీద ఎదురైతే, "నాయన కాలం నుంచి కొడతాండాము మందు. నీ పురుగులు నిన్న వచ్చినాయి. వాటినే సర్దుకోమను" అన్నాను.

ఏమందో తెలుసా? "మీ నాయన కాలంలో మందు మోసి కొట్టింది మా నాయనన్నా. మీరు గట్టు మీద గొడుగేసుకుని నిలబడినారు" అంది. అని, స్కూటీ ఎక్కి పోయింది. ఇదీ నువ్వు గుత్తకిచ్చిన మనిషి.

యార్డుకు ఇంకోసారి పోయి చూడమన్నావు. అంతా బాగుంది. మార్కెట్టు కొంచెం మెత్తబడింది, అంతే. మళ్లీ లేస్తుంది. బావకు వ్యాపారం తెలియదు గనుక ఇది అర్థం కాదు. కుప్పంలో కూర్చుని మేకులు తూచి అమ్మేవాళ్లు రైతుకు బుద్ధి చెప్పే రోజులొచ్చాయి.

రేవతి బాగుంది. మహిళా సంఘం మీటింగులని ఈమధ్య తరచుగా మండలాఫీసుకు పోతోంది. ఆడవాళ్లు పదిమంది చేరి ఏం మీటింగు పెట్టుకుంటారో.

తమ్ముడు,
చిన్నస్వామి


కుప్పం,
21 నవంబర్ 2023

చిన్నస్వామికి,

తృప్తిగా ఉందా?

నిన్న పొద్దున శాలిని ఫోను చేసింది. దురుసు నోటి పిల్ల, ఏడుపు కూడా తిట్టినట్టే ఉంది. పురుగులు నాలుగో జ్వరం దాటి, అంటే చివరిసారి కుబుసం విడిచి, ఇంక వారంలో గూడు కడతాయనగా మొత్తం చచ్చిపోయాయట. ఆకు మీదనే మెలికలు తిరిగి, పసరు కక్కి, తట్టలు తట్టలుగా. షెడ్డులో నిలబడలేకపోయిందట వాసనకు. గుంత తీసి పూడ్చిపెట్టారు.

"మందు పడిందమ్మా ఆకు మీద. ఆయనకు ఎన్నిసార్లు చెప్పినాను" అంది.

నువ్వు చెప్పనని రాసిన ఉత్తరం నా దగ్గరే ఉంది. గాలి మన మాట వినదు గదా అని తప్పించుకోకు. నీకు గాలి ఎటు వీస్తుందో తెలుసు. నలభై ఏళ్లుగా ఆ చేన్లోనే ఉన్నావు.

పగకు కూడా ఒక స్థాయి ఉంటుంది. మగవాళ్లు మగవాళ్లతో పెట్టుకుంటారు. నువ్వు వేలెడంత కూడా లేని పురుగులతో పెట్టుకున్నావు. నాయన పేరు చెప్పుకుని తిరుగుతావు కదా, నాయన కోపం వస్తే ఎదురుగా నిలబడి తిట్టేవాడు.

నేను ఒక నిర్ణయానికొచ్చాను. ఆ ముక్క శాలినికే అమ్మేస్తాను. గుత్త అయితే నీ దయ మీద బతకాలి. సొంతమైతే దారి కూడా పత్రంలో రాయిస్తాను. నువ్వు తోడబుట్టినవాడివి గనుక ముందు నీకు చెబుతున్నాను. ఏదైనా చెప్పేది ఉంటే చెప్పు.

నాగరత్నమ్మ


చౌడేపల్లె,
2 డిసెంబర్ 2023

అక్కకు,

మందు నేను కొట్టలేదు.

ఆ వారం కాదు, అంతకు ముందు వారం కూడా పంపు ముట్టలేదు. ఎందుకు ముట్టలేదో నీకు చెప్పాల్సిన పని నాకు లేదు. నమ్మితే నమ్ము, లేకపోతే ఆ పిల్ల ఏడుపు ఇంకోసారి ఫోన్లో విను.

చచ్చిన పురుగులకు దోషి కావాలి, చేతికి దగ్గరగా నేను దొరికాను. తోడబుట్టిన దానివి, ఒక్కసారి "నువ్వు కొట్టినావా?" అని అడగలేదు. "తృప్తిగా ఉందా" అని అడిగావు.

అమ్ముకో. అంకయ్య కూతురికే అమ్ముకో. మన నాయన బావి తవ్వించిన భూమి. వాళ్ల చేతికి పోతే నాకేం? నువ్వు అమ్మవు, నాకు తెలుసు. పత్రాలు తీసుకుని పుంగనూరు దాకా రావడానికి నీకు మోకాళ్లు సహకరించవు.

చిన్నస్వామి


కుప్పం,
11 ఫిబ్రవరి 2024

తమ్ముడికి,

మోకాళ్లు సహకరించాయి. జనవరిలో పుంగనూరు వచ్చి శాలినితో అగ్రిమెంటు రాసుకున్నాను. నీ ఇంటికి రాలేదు. వస్తే లేనని చెప్పిస్తావు.

ఇప్పుడు రాస్తున్నది వేరే సంగతి. ముందు నేను నమ్మలేదు. శాలిని రెండోసారి చెబితే నమ్మాను. రేవతి రోజూ ఆ షెడ్డుకు వస్తోందటగా. ఆకు కోస్తుంది, తట్టలు మారుస్తుంది, మేత వేస్తుంది. ఈసారి పంటలో కొన్ని తట్టలు రేవతి పేరుమీదే పెట్టించారట. నువ్వు పంపావంటే నాకు ఆశ్చర్యమే. ఇంటి ఆడమనిషిని అంకయ్య కూతురు దగ్గర పనికి పంపావంటే నీకు నిజంగానే బుద్ధి వచ్చినట్టుంది. ఇన్నాళ్లకు ఒక్క మంచి పని చేశావు.

ఇంకోటి కూడా తెలిసింది. నవంబర్లో నువ్వు మందు కొట్టని మాట నిజమేనని రేవతి శాలినికి చెప్పింది. కాయ కోసిన కూలి కూడా రాదని తోట మొత్తం వదిలేసి, గొర్రెలను తోలావట. గొర్రెలు మేసే చేనికి మందు ఎవరు కొడతారు? ఆ నెలలో ఆకు చాలక శాలిని బయట కొన్నది. మందు ఆ ఆకులో ఉంది. ఆమెకు కూడా తర్వాతనే తెలిసింది.

ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది కదా. "అక్కా, నా తోట పోయింది, గొర్రెలు మేస్తాండాయి" అని. కానీ నువ్వు రాయవు. నేను నిన్ను విషం పోసినవాడివి అనుకున్నా నీకు ఫరవాలేదు. పంట పోయినవాడివి అని మాత్రం అనుకోకూడదు. ఇంత పొగరు ఏ చేన్లో పండించావురా?

అగ్రిమెంటు మాత్రం వెనక్కి తీసుకోను. కోపంలో ఇచ్చినా మాట మాటే.

అక్క,
నాగరత్నమ్మ


చౌడేపల్లె,
20 ఫిబ్రవరి 2024

అక్కకు,

నేను పంపలేదు.

నాకు తెలియను కూడా తెలియదు. నీ ఉత్తరంలోనే చదివాను. సంఘం మీటింగు అని పొద్దున పోయి మధ్యాహ్నం వచ్చేది. చేతులకు పసరు మరకలు ఉంటే కూరాకులనుకున్నాను.

ఉత్తరం జేబులో పెట్టుకుని నేరుగా షెడ్డుకు పోయాను. గట్టు దిగేసరికి నలుగురు ఆడవాళ్లు ఆకు కోస్తున్నారు. ఊళ్లోవాళ్లే, మన కాలంలో మన చేన్లో కలుపు తీసినవాళ్లు. వాళ్ల మధ్య నుంచి నా భార్య ఆకు మోపు నెత్తిన పెట్టుకుని వస్తోంది. చీర పైకి దోపుకుని, మొగవాడి చొక్కా తొడుక్కుని.

"ఏందిది?" అన్నాను.

"ఆకు" అంది.

"దించు. ఇంటికి పోదాం పద."

"మేత టైము. వేసినాంక వస్తాను. నువ్వు పో."

అందరూ వింటున్నారు. శాలిని షెడ్డు వాకిట్లో నిలబడి ఉంది. నవ్వలేదు. నవ్వి ఉంటే నయం. నేనేదో బస్సు కోసం నిలబడినవాణ్ని అయినట్టు చూసి లోపలికి పోయింది.

"సంఘం మీటింగని చెప్పినావే" అన్నాను.

"ఈడికి వస్తానంటే పోనిస్తావా? గొర్రెలు తోలిన కాణ్ణించి నువ్వు ఇంట్లో ఒక మాట మాట్లాడినావా? కారు తుడుచుకుంటా కూర్చుండావు. నాకు పని కావాల. ఈడ ఉండాది" అంది. గొంతు కూడా పెంచలేదు. మోపు మోసుకుంటూ నా పక్క నుంచే పోయింది. ఆకు కొసలు నా మొహానికి తగిలాయి.

పెళ్లయినప్పటి నుంచి ఆమె నాతో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడడం అదే మొదలు.

ఇదంతా నీ పనే. నువ్వు భూమి ఇచ్చావు, వాళ్లు ఇంటిని పట్టుకున్నారు. నేను చేయని తప్పుకు భూమి అమ్మావు. తప్పు కాదని తెలిశాక కూడా మాట మాటే అంటున్నావు. నీ మాటకు విలువ, నాకు లేదు.

సరే. పత్రంలో దారి రాయించుకుంటావా? రాయించుకో. నిన్న జేసీబీ పిలిపించి గట్టుకు అడ్డంగా కాలువ తవ్వించాను. నిలువెత్తు లోతు. నా చేను, నా కాలువ. పురుగులకు రెక్కలొచ్చాక ఎగురుకుంటూ రమ్మను.

చిన్నస్వామి


కుప్పం,
18 మార్చి 2024

చిన్నస్వామికి,

ఇది స్పీడు పోస్టులో పంపుతున్నాను.

జరిగింది నీకు సాయికుమార్ చెప్పే ఉంటాడు. అయినా నా చేత్తో రాస్తాను, నువ్వు నా చేతిరాతలోనే చదవాలి. శుక్రవారం పొద్దున రేవతి రోడ్డు మీద దింపిన ఆకు మోపు షెడ్డుకు మోసుకొస్తూ నువ్వు తవ్వించిన కాలువ గట్టు జారి అందులో పడింది. కుడి మణికట్టు విరిగింది. తలకు కుట్లు. శాలినీ సాయికుమారూ పైకి లాగి ఆటోలో మదనపల్లె ఆసుపత్రికి తీసుకెళ్లారు. నీకు ఫోను చేస్తే ఎత్తలేదు. సాయికుమార్ చేశాడు, నేనూ చేశాను. కారు బాడుగకు తిప్పుతున్నావని, ఆ పొద్దు తిరుపతికి ఎవరినో ఎక్కించుకుని పోయావని రేవతి అప్పుడు చెప్పింది. ఫొటోలో నువ్వు చేతులు కట్టుకుని ముందర నిలబడ్డ కారు అదేనా?

బాడుగకు తిప్పడంలో తప్పేం లేదు. దాన్ని కూడా దాచావు చూడు, అది తప్పు.

నేను బస్సెక్కి మదనపల్లె పోయి రేవతిని కుప్పం తెచ్చుకున్నాను. నువ్వు రావొద్దని చెప్పమంది. ఏడవలేదు, తిట్టలేదు. "ఇంటికి పోతావా?" అని నేనే అడిగాను. "ఏ దోవన పోవాల వదినా, గుంత తవ్వి పెట్టినాడు గదా" అంది. అంతే.

ఆమె దిగులంతా ఆ తట్టల గురించే. తన పేరుమీద పెట్టిన పురుగులు చివరి మేతకొచ్చాయట. ఇప్పుడు రాత్రీ పగలూ ఆకు వేయాలి. శాలినికి తనవే ఎక్కువ. చెయ్యి తిరిగిన మనిషి ఇంకొకరు లేరు. "ఆయన్ని అడిగేదా?" అన్నాను. నన్ను చూసి నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. "ఆయన ఎందుకూ పనికిరాడు వదినా. అడిగి మాట పోగొట్టుకోవద్దు" అంది.

ఉన్నది ఉన్నట్టు రాశాను. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది. ఇంక మనకు పంచుకోవడానికి ఏమీ లేదు. మీ బావ నిన్ను పోలీసుల దగ్గరికి ఈడవాలంటున్నాడు. నేను వద్దన్నాను. ప్రేమతో కాదు, అంత దూరం తిరిగే ఓపిక లేక.

నాగరత్నమ్మ


చౌడేపల్లె,
5 ఏప్రిల్ 2024

అక్కకు,

ఎందుకూ పనికిరాడు అని రేవతి అంటే అన్నది. నువ్వు దాన్ని స్పీడు పోస్టులో పంపాలా?

ఆ ఉత్తరం పొద్దున అందింది. అదే పొద్దున షెడ్డుకు పోయాను. మంచితనం వచ్చి కాదు. ఆ మాట చదివాక ఇంట్లో కూర్చోలేకపోయాను. నా కాలువను నేనే దిగి, నేనే ఎక్కాను. ఎక్కడానికి మూడుసార్లు జారాను. రేవతి నెత్తిన మోపు పెట్టుకుని ఎట్లా ఎక్కాలనుకుందో.

శాలిని వాకిట్లోనే ఆపింది. "చెప్పులు ఆడ వదిలిపెట్టు" అంది. మీరు అనడం ఎప్పుడు మానేసిందో నేను గమనించలేదు. గడప ముందర తొట్టిలో బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లున్నాయి. "కాళ్లు కడుక్కో. సేతులు కూడా. సబ్బు పెట్టి" అంది. పురుగుకు రోగం రాకుండా లోపలికొచ్చే అందరూ అట్లా కడుక్కోవాలంట. ఎమ్మార్వో వచ్చినా అంతేనంట. నేను కడుక్కున్నాను. ఆమె నిలబడి చూసింది. "మడమలు" అంది. మడమలు కూడా కడిగాను.

అంకయ్య లోపల నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. కళ్లు సరిగా కనపడవు ఇప్పుడు. "ఎవురు పాపా వచ్చింది?" అన్నాడు. "రేవతమ్మ తట్టలకు మనిషి" అంది శాలిని. ఆయన తల ఊపాడు.

ఆ పని గురించి నీకు చెప్పేదేముంది. తినడమే తినడం. అవి తిన్నంత వేగంగా మనిషి కోయలేడు. మొదటి రోజు నేను కోసింది ముదురాకని పక్కకు నెట్టేసింది. రెండోరోజు తడి ఆరలేదని నెట్టేసింది. నన్ను తిట్టలేదు, పేరు పెట్టి పిలవను కూడా లేదు. "అది తీసెయ్", "ఇది పెట్టు", "పక్కకు జరుగు". ఇంతే. మన ఇంట్లో మనం వాళ్లతో ఎట్లా మాట్లాడేవాళ్లమో నాకు చెవిలో వినపడుతూనే ఉంది. నువ్వూ అట్లాగే మాట్లాడేదానివి, నీ పెద్దరికం నాకు చూపించొద్దు.

గూళ్లు దించే రోజుకు వ్యాను లోపలికి రావాలి. కాలువ పూడ్చాలి. జేసీబీవాడిని పిలిస్తే, "మొన్న తవ్వమంటివి, ఇప్పుడు పూడ్చమంటివి, మళ్లా ఎప్పుడు తవ్వేది?" అని నవ్వాడు. వాడిని పొమ్మన్నాను. పారతో నేనే పూడ్చాను. శాలిని ఒకసారి వచ్చి చూసి, "గట్టిగా తొక్కు, చక్రం దిగబడతాది" అని చెప్పి పోయింది. తొక్కాను.

రేవతికి చెప్పు. గూళ్లు గట్టిగా వచ్చాయి. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల పురుగు కదిలే చప్పుడు వస్తోంది. రాదలచుకుంటే దారి ఉంది. రావద్దనుకుంటే నేను అడగను. ఈ రెండు మాటలూ ఇట్లాగే చదివి వినిపించు, నీ సొంతం కలపకు.

నిన్న మదనపల్లె పోయాము. నేను వ్యాను వెనక బస్తాల మీద కూర్చున్నాను, శాలిని ముందు కూర్చుంది. దారిలో టమోటా యార్డు కనిపించింది. తల తిప్పుకున్నాను. ఎవరైనా తెలిసినవాళ్లు చూస్తారేమోనని.

గూళ్ల మార్కెట్లో గుమాస్తా పేర్లు పిలుస్తున్నాడు. శాలినిది అయ్యాక, "రేవతి. ఎవరు రేవతి?" అన్నాడు.

"ఆయమ్మకు చెయ్యి ఇరిగింది. రాలేదు" అంది శాలిని.

"మరి ఈయనెవరు?" అన్నాడు నన్ను చూపించి.

నేను నోరు తెరిచాను. చేను ఎంత ఉంది, ఎవరి కొడుకుని, ఎవరి మొగుణ్ని, అన్నీ నోటిదాకా వచ్చాయి. అప్పటికే శాలిని రాసుకుంటున్న కాగితం మీది నుంచి తల ఎత్తకుండా చెప్పేసింది.

"మా షెడ్లో పనికొచ్చినాడు."

ఒకసారి ఇటు తిరుగుతుందేమో, మాట సర్దుతుందేమోనని చూశాను. తిరగలేదు. ఆమె నన్ను అవమానించాలని అన్నట్టు కూడా లేదక్కా. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే.

బస్తా ఎత్తి తూకం మీద పెట్టాను.

చిన్నస్వామి